పంటి మీద ఊరి పేరు

మేం ముగ్గురం పదకొండో తరగతి, సైన్సు గ్రూపు. ముగ్గురి ఇళ్ళలోనూ తెలుగే. ముగ్గురి నాన్నలకూ మూడు నాలుగేళ్ళకోసారి బదిలీ. "మీదే ఊరు?" అని ఎవరైనా అడిగితే ముగ్గురమూ ఒక్క క్షణం తడుముకుంటాం. పుట్టిన ఊరు చెప్పాలా, తాతగారి ఊరు చెప్పాలా, ఇప్పుడున్న క్వార్టర్ నంబరు చెప్పాలా? ఈ తడబాటు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది.

మాలో ఒకడికి మాత్రం ఆ ప్రశ్నకు జవాబు ముందు పళ్ళ మీదే రాసి ఉంది. పై వరుసలో నాలుగు పళ్ళకు సుద్ద పూసినట్టు తెల్లటి మచ్చలు. వాటిలో మధ్య రెండింటి మీద టీ మరకలాంటి గోధుమరంగు చారలు. ఇంతకుముందు చదివిన ఒక బడిలో వాణ్ణి "గుట్కా" అని పిలిచేవారట. వాడు రోజుకు మూడుసార్లు తోముకున్నాడు. ఉప్పుతో రుద్దాడు, బొగ్గుపొడితో రుద్దాడు. చిగుళ్ళ నుంచి రక్తం వచ్చింది కానీ మచ్చ కదల్లేదు. ఆ తర్వాత నవ్వడమే తగ్గించేశాడు. తరగతి ఫొటోలన్నిట్లోనూ వాడి పెదాలు మూసే ఉంటాయి.

ఈ ఏడాది జీవశాస్త్రం ప్రాజెక్టుకు విషయం వెతుకుతుంటే, ప్రయోగశాలలకు రసాయనాలు అమ్మే ఒక జాబితాలో ఒక వింత సరుకు కనిపించింది: "రీకాంబినెంట్ హ్యూమన్ అమెలోజెనిన్". మనిషి పంటి ఎనామిల్‌ను తయారుచేసే ప్రొటీన్‌ అది. చిటికెడైనా లేని తెల్లటి పొడి, చిన్న సీసాలో, "పరిశోధనకు మాత్రమే" అన్న హెచ్చరికతో. మాకు నవ్వొచ్చింది. పంటి ప్రొటీన్‌ను సీసాలో పెట్టి అమ్మడమేమిటి, దాన్ని కొనేదెవరు? ఆ కూపీ లాగుతూ పోతే చివరికి మావాడి పళ్ళ దగ్గరికే వచ్చి తేలాం.

ముందు ఎనామిల్ సంగతి. మన శరీరంలో అన్నిటికన్నా గట్టి పదార్థం అదే. బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. కాల్షియం, ఫాస్ఫేటు కలిసిన హైడ్రాక్సీఎపటైట్ అనే స్ఫటికాలు సన్నని పుల్లల్లా, కట్టలు కట్టలుగా పేర్చి ఉంటాయి. ఎముక విరిగితే అతుక్కుంటుంది, చర్మం తెగితే మానుతుంది. ఎనామిల్ ఒకసారి పోతే మళ్ళీ రాదు. దాన్ని కట్టిన కణాలు, అంటే అమెలోబ్లాస్టులు, పన్ను చిగురు చీల్చుకుని బయటికి వచ్చేసరికే అంతరించిపోతాయి. ఇల్లు కట్టిన మేస్త్రీలు గృహప్రవేశం రోజునే ఊరు విడిచి వెళ్ళిపోయినట్టు. తర్వాత గోడ బీటలు వారినా పిలవడానికి ఎవరూ ఉండరు.

ఆ మేస్త్రీలు పనిలో ఉన్నప్పుడు ఏం చేస్తాయన్నదే అసలు కథ. అవి నేరుగా స్ఫటికాన్ని కట్టవు. ముందు జిగురులాంటి ప్రొటీన్ ముద్దను పరుస్తాయి. ఆ ముద్దలో సుమారు 90 శాతం అమెలోజెనిన్. ఈ ప్రొటీన్ అణువులు వాటంతట అవే గుమిగూడి చిన్న చిన్న ఉండలవుతాయి. ఒక్కో ఉండ అడ్డం సుమారు 20 నానోమీటర్లు, అంటే తల వెంట్రుక మందంలో కొన్ని వేల వంతుల్లో ఒకటి. ఈ ఉండల మధ్య ఖనిజం సన్నగా, పొడుగ్గా, ఒకే దిశలో పెరుగుతుంది. శ్లాబు పోసేటప్పుడు సెంట్రింగ్ కడతారు చూడండి, అలాంటిదన్నమాట. కాంక్రీటు గట్టిపడ్డాక సెంట్రింగ్ విప్పేస్తారు. ఇక్కడ కూడా అంతే. ఎంఎంపి-20, కెఎల్‌కె-4 అనే రెండు ఎంజైములు వచ్చి అమెలోజెనిన్‌ను ముక్కలు ముక్కలుగా కోసేస్తాయి. ఆ ముక్కలు బయటికి పోతాయి, ఖాళీ అయిన చోటంతా ఖనిజం నిండుతుంది. పని పూర్తయ్యేసరికి ప్రొటీన్ ఒక శాతం లోపే మిగులుతుంది.

సెంట్రింగ్ సకాలంలో విప్పకపోతే? దాని జాగా అది ఆక్రమించే ఉంటుంది, ఖనిజం అక్కడ నిండదు. పైకి గట్టిగా కనిపించినా లోపల సన్నని రంధ్రాలు మిగిలిపోతాయి. వెలుగు ఆ రంధ్రాల్లో చెదిరి పన్ను సుద్దలా తెల్లగా కనిపిస్తుంది. పన్ను బయటికి వచ్చాక రంగులు ఆ రంధ్రాల్లోకి ఇంకి గోధుమరంగు చారలవుతాయి. మావాడి పళ్ళకు జరిగింది ఇదే. పేరు ఫ్లోరోసిస్. కారణం, నీళ్ళలో మోతాదు మించిన ఫ్లోరైడ్.

వాడు పుట్టేటప్పటికి వాళ్ళ నాన్నగారి పోస్టింగ్ కుటుంబాన్ని వెంట తీసుకెళ్ళడానికి వీల్లేని చోట. అందుకని వాడూ వాళ్ళమ్మా నాలుగేళ్ళు అమ్మమ్మగారింట్లో ఉన్నారు. అప్పటి ప్రకాశం జిల్లాలో కనిగిరి వైపు ఒక పల్లె. తాగింది బోరు నీళ్ళు. మన శాశ్వత దంతాల్లో ముందు పళ్ళకు ఎనామిల్ కట్టడం పుట్టిన మూడు నాలుగు నెలలకే మొదలవుతుంది, నాలుగైదేళ్ళకు ముగుస్తుంది. అవి బయటికి వచ్చేదేమో ఆరేడేళ్ళప్పుడు. అంటే పాలపళ్ళతో నవ్వుతున్న రోజుల్లోనే చిగురు కింద అసలు పళ్ళ పని నడుస్తోంది. తర్వాత జోధ్‌పూర్, జబల్‌పూర్, ఢిల్లీ తిరిగినా, ఆ నాలుగేళ్ళు తాగిన నీళ్ళు పళ్ళ మీద ఉండిపోయాయి. తోముకోకపోవడం వల్ల వచ్చింది కాదు, తోమితే పోయేదీ కాదు.

ఈ సంగతి ఆ ప్రాంతానికి కొత్త కాదు. అప్పట్లో కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు నెల్లూరు జిల్లాలో ఉండేవి. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. ఆ నెల్లూరు జిల్లాలో జనానికి పళ్ళ మీద మచ్చలు, నడుములు వంగిపోవడం చూసి, మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన షార్ట్, ఆయన సహచరులు 1937లో పరిశోధన వ్యాసం ప్రచురించారు. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి వచ్చిన తొలి శాస్త్రీయ నివేదికల్లో అది ఒకటి. నల్గొండ పేరు ఇంకోరకంగా ప్రపంచానికి తెలిసింది. నీళ్ళలో పటిక, సున్నం కలిపి కలియబెట్టి, ఫ్లోరైడ్‌ను మడ్డితో పాటు అడుగుకు దించే విధానాన్ని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. దాన్ని ఇతర దేశాల పుస్తకాల్లో కూడా "నల్గొండ పద్ధతి" అనే రాస్తారు. ఒక జిల్లా పేరు ఇలా ప్రపంచమంతా తెలియడం గర్వపడాల్సిన విషయమో కాదో మాలో మాకే తేలలేదు.

మచ్చ మురికిదా ఫ్లోరైడ్‌దా అని తెలుసుకోవడానికి ఒక సులువైన గుర్తు ఉంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో చాలాకాలం ఫ్లోరోసిస్ మీద పనిచేసిన ప్రొఫెసర్ ఎ.కె. సుశీల దీన్ని వివరంగా చెప్పారు. ఫ్లోరైడ్ చారలు అడ్డంగా ఉంటాయి, చిగురుకు ఎడంగా ఉంటాయి, జత పళ్ళ మీద జతగా వస్తాయి. కుడి, ఎడమ పళ్ళు ఒకే కాలంలో తయారవుతాయి కాబట్టి. గార అయితే చిగురు అంచును పట్టుకుని ఉంటుంది. చార అడ్డంగానే ఎందుకు రావాలి? ఎనామిల్ పొర మీద పొరగా కడుతుంది, చెట్టు మానులో ఏటా ఒక వలయం పడ్డట్టు. ఒక కాలంలో కట్టిన పొర అంతా ఒకేలా దెబ్బతింటుంది. మేం అద్దం ముందు నిలబడి ముగ్గురి పళ్ళూ పరీక్షించుకున్నాం. మావాడివి అచ్చంగా అడ్డచారలే. మిగతా ఇద్దరిలో ఒకరికి గార బయటపడింది, అది వేరే కథ.

సరే, సీసా సంగతికి వద్దాం. సెంట్రింగ్ విప్పడం ఎందుకు ఆలస్యమవుతుంది? ఫ్లోరైడ్ ఆ ఎంజైముల్ని పని చేయనివ్వడం లేదా, లేక ఇంకేదైనా జరుగుతోందా? ఇది తేల్చాలంటే చేతిలో అమెలోజెనిన్ ఉండాలి. అక్కడే చిక్కు. పెద్దవాళ్ళ పన్ను పీకి వెతికితే అది దాదాపు ఉండదు, ఎప్పుడో బయటికి పోయింది. అది నిండుగా ఉండేది పసిపిల్లల దవడలో, చిగురు కింద. అక్కడి నుంచి ఎవరు తీస్తారు, ఎలా తీస్తారు? పంది పిల్లల, దూడల దవడల నుంచి తీసి వాడేవారు, ఇప్పటికీ వాడతారు. చిగుళ్ళ జబ్బుకు వైద్యులు పూసే ఒక మందు పంది ఎనామిల్ ప్రొటీన్లతోనే తయారవుతుంది. కానీ పందిది పందిదే, మనిషిది మనిషిదే. పైగా అలా తీసిన దానిలో కోసిన ముక్కలు, కోయని ముక్కలు అన్నీ కలగలిసి ఉంటాయి. లెక్కగా ప్రయోగం చేయడానికి కుదరదు.

అందుకని ప్రొటీన్‌ను వదిలేసి దాని వంటకం రాసిన చీటీని పట్టుకున్నారు. ఆ చీటీయే జన్యువు. అమెలోజెనిన్ జన్యువు మనలో ఎక్స్ క్రోమోజోము మీద ఉంది. మన జన్యువుల్లో అసలు సమాచారం మధ్య మధ్య అక్కర్లేని భాగాలు ఉంటాయి. బ్యాక్టీరియాకు వాటిని కత్తిరించడం చేతకాదు. అందుకని అవి తీసేసిన శుద్ధప్రతిని తయారుచేస్తారు. దాన్ని ప్లాస్మిడ్ అనే గుండ్రటి డిఎన్ఏ ముక్కలో అతికిస్తారు. ఒక చోటి డిఎన్ఏను ఇంకో చోటి డిఎన్ఏతో కొత్తగా కలపడమే రీకాంబినెంట్ అన్న మాటకు అర్థం. పన్నెండో తరగతి పుస్తకంలో ఇది పెద్ద పాఠం, భయపడకండి.

ఆ ప్లాస్మిడ్‌ను ఇ. కోలై బ్యాక్టీరియాలోకి పంపి, పోషకాలున్న ద్రవంలో 37 డిగ్రీల వెచ్చదనంలో పెంచుతారు. అనుకూలంగా ఉంటే ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. సరిపడా పెరిగాక ఒక రసాయనంతో సైగ చేస్తే, అవి తమకు ఏ సంబంధమూ లేని మనిషి పంటి ప్రొటీన్‌ను తయారుచేయడం మొదలుపెడతాయి. పళ్ళే లేని జీవి పంటి సరుకు తయారుచేయడం మాకు ఇప్పటికీ వింతగానే ఉంది.

తర్వాత ఆ కణాల్ని పగలగొట్టి, వాటి సొంత ప్రొటీన్లు వేల రకాలున్న గందరగోళంలోంచి మనకు కావలసిన ఒక్కదాన్ని వేరుచేయాలి. ఇక్కడ చేసే ఉపాయం వంటింట్లోదే. ఢిల్లీలో ఉండి పనీరు తెలియనివారుండరు. వేడి పాలలో నిమ్మరసం పిండితే ప్రొటీన్లు విరిగి ముద్దకడతాయి, కింద నీళ్ళు తేరుకుంటాయి. బ్యాక్టీరియా ద్రవంలో కూడా పలచని ఎసిటిక్ ఆమ్లం కలిపి, అంటే మన వెనిగర్‌లో ఉండే ఆమ్లమే, 80 డిగ్రీల దాకా వేడి చేస్తారు. బ్యాక్టీరియా ప్రొటీన్లు చాలావరకు విరిగిపోతాయి. అమెలోజెనిన్ మాత్రం ఆమ్లంలో హాయిగా కరిగి ఉంటుంది, వేడికీ చెక్కుచెదరదు. మన విషయంలో కావలసింది పనీరు కాదు, పైన తేరిన నీళ్ళు. దాన్ని ఇంకా శుద్ధి చేసి, గడ్డకట్టించి, తేమ లాగేస్తే సీసాలోని తెల్లపొడి.

అది అచ్చం మన చిగురులో తయారైనట్టే ఉంటుందా అంటే, నూటికి నూరుపాళ్ళూ కాదు. మన కణాలు అమెలోజెనిన్‌లో ఒక చోట ఫాస్ఫేటును తగిలిస్తాయి. బ్యాక్టీరియాకు ఆ అలవాటు లేదు. పరిశోధకులు ఆ తేడాను గుర్తుపెట్టుకునే ఫలితాల్ని చదువుతారు.

ఈ పద్ధతి మనకు కొత్త కాదన్న సంగతి మధ్యలో చెప్పాలి. చక్కెర జబ్బుకు వాడే మానవ ఇన్సులిన్‌ను 1978లో ఇలాగే బ్యాక్టీరియాతో చేయించారు. హైదరాబాదులో కె.ఐ. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో విడుదల చేసిన హెపటైటిస్-బి టీకా కూడా రీకాంబినెంటే, అక్కడ పని చేసింది ఒకరకం ఈస్టు. వరప్రసాద్ రెడ్డిది కూడా నెల్లూరు జిల్లాయే.

ఇక ఆ పొడితో ఏం తేలింది? అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు రీకాంబినెంట్ మానవ అమెలోజెనిన్‌ను, వేర్వేరు పాళ్ళలో ఫ్లోరైడ్ ఉన్న ఎపటైట్ స్ఫటికాలతో కలిపి చూశారు. 2008లో ప్రచురించిన ఫలితం ప్రకారం, ఫ్లోరైడ్ పెరిగిన కొద్దీ ప్రొటీన్ స్ఫటికానికి ఎక్కువగా అతుక్కుంటోంది. 2011లో ఇంకో బృందం ఎంజైముల్నే నేరుగా పరీక్షించింది. ఫ్లోరైడ్ వాటి కోసే శక్తిని నేరుగా ఆపడం లేదని తేలింది. అంటే కత్తెర మొద్దుబారలేదు. సెంట్రింగ్ పలకలే గోడకు మరీ గట్టిగా అంటుకుపోయాయని అనుమానించడానికి ఆధారం దొరికింది. కథ ఇంతటితో అయిపోలేదు, కణాల మీద కూడా ఫ్లోరైడ్ ప్రభావం ఉంటుందని పరిశోధనలు నడుస్తున్నాయి. అయినా, కనిగిరి బోరు నీళ్ళు మావాడి పంటిలో చేసిన పనిని ఎక్కడో సముద్రాల అవతల ఒక గాజుగొట్టంలో చూడగలిగారన్నది మాకు నచ్చింది. ఇది చదివిన రోజు మావాడు, "అయితే నేను మురికివాణ్ణి కాదన్నమాట" అన్నాడు. మేం మిగతా ఇద్దరం ఏమీ అనలేకపోయాం.

అమెలోజెనిన్‌కు ఇంకో ఉద్యోగం కూడా ఉంది. అది పోలీసు శాఖలో. ఈ జన్యువు ఎక్స్ మీద ఒకటి, వై మీద ఒకటి ఉంటుంది. ఎక్స్ మీది ప్రతిలో ఒక చోట ఆరు అక్షరాలు తక్కువ. ప్రమాదంలో చనిపోయిన వారి ఎముకో, రక్తపు మరకో దొరికితే ఈ ముక్కను పరీక్షించి, ఒక కొలతే వస్తే స్త్రీ అనీ, రెండు కొలతలు వస్తే పురుషుడనీ చెబుతారు. ప్రపంచమంతా నమ్మిన పరీక్ష ఇది. హైదరాబాదు సీసీఎంబీలో తంగరాజ్, ఎ.జి. రెడ్డి, లాల్జీ సింగ్ దీన్ని మన దేశపు మగవారి మీద పరీక్షించి 2002లో ప్రచురించారు. 270 మందిలో ఐదుగురికి వై మీద ఉండాల్సిన ఆ ముక్క లేదు. ఈ పరీక్ష ఒక్కదాన్నే నమ్మితే ఆ ఐదుగురూ కాగితం మీద ఆడవాళ్ళయిపోతారు! అందుకే ఎస్ఆర్‌వై అనే వై జన్యువును కూడా చూడాలని వాళ్ళు చెప్పారు. ఎక్కడో తయారైన పరీక్షను మన దగ్గర మళ్ళీ సరిచూసుకోవడం ఎంత అవసరమో దీంతో మాకు తెలిసింది.

అదే ఎక్స్ మీది జన్యువు చెడితే ఎనామిల్ పుట్టుకతోనే సరిగా ఏర్పడని వంశపారంపర్య జబ్బు వస్తుంది. అబ్బాయిలకు ఉన్నది ఒక్క ఎక్స్ కాబట్టి పన్నంతా దెబ్బతింటుంది. అమ్మాయిల్లో ఒక్కో కణంలో రెండు ఎక్స్‌లలో ఏదో ఒకటే పని చేస్తుంది కాబట్టి, మంచి ఎనామిల్, చెడ్డ ఎనామిల్ పక్కపక్కనే నిలువు చారల్లా కనిపిస్తాయి. అడ్డచార అయితే కాలం గీసింది, నిలువుచార అయితే వంశం గీసింది. రెంటికీ బ్రష్షుతో సంబంధం లేదు.

ఇంకొక్క ముచ్చట. ఎనామిల్‌లో మిగిలిన ఆ ఒక్క శాతం లోపు ప్రొటీన్ ముక్కలు ఎంత కాలమైనా చెడకుండా దాక్కుంటాయి. స్పెయిన్‌లో సెవిల్ దగ్గర 2008లో దాదాపు 5000 ఏళ్ళ నాటి గొప్ప సమాధి ఒకటి బయటపడింది. ఏనుగు దంతం, విలువైన వస్తువులు చూసి అందులోది ఎవరో యువ నాయకుడనుకున్నారు. 2023లో పంటి ఎనామిల్‌లోని అమెలోజెనిన్ ముక్కలు చూస్తే ఆమె స్త్రీ. ఇది చదివినప్పుడు మాలో ఉన్న ఒక్కగానొక్క అమ్మాయి ముఖం చూడాల్సింది.

ఫ్లోరైడ్ మీద పగబట్టాల్సిన పని లేదు. టూత్‌పేస్టులో ఉండే కొంచెం ఫ్లోరైడ్ పళ్ళు పుచ్చకుండా కాపాడుతుంది, చిన్నపిల్లలు దాన్ని మింగకూడదంతే. తాగే నీళ్ళలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకోవచ్చని మన దేశపు ప్రమాణం. నీళ్ళు కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌వో యంత్రం తగ్గిస్తుంది. ఢిల్లీలో కూడా నైరుతి, వాయవ్య దిక్కుల్లో కొన్ని చోట్ల భూగర్భ జలాల్లో ఇది మోతాదు మించి ఉందని కేంద్ర భూగర్భ జల మండలి చెబుతోంది. బదిలీ మీద వెళ్ళిన కొత్త చోట బోరు నీళ్ళయితే, ఇంట్లో ఐదేళ్ళ లోపు తమ్ముడో చెల్లెలో ఉంటే, నాన్నగారికి చెప్పి పరీక్ష చేయించండి. జల్ జీవన్ మిషన్ ప్రయోగశాలల్లో మామూలు జనం కూడా కొద్దిపాటి రుసుముతో చేయించుకోవచ్చు. మచ్చ పడ్డాక అయితే దంత వైద్యులు పైపొరను సన్నగా అరగదీసో, పంటి రంగు పూతతో కప్పో చూపు బాగుచేయగలరు. లోపలి ఎనామిల్‌ను మాత్రం మళ్ళీ కట్టలేరు. సీసాలోని పొడికి కూడా ఇంకా అంత శక్తి రాలేదు.

మావాడి చెల్లెలికి ఇప్పుడు ఆరేళ్ళు. పుట్టింది జబల్‌పూర్ క్వార్టర్స్‌లో. పోయిన నెలలో ముందు పన్ను ఊడింది, ఆ సందులోంచి నాలుక బయటికి పెట్టి అందరినీ వెక్కిరిస్తోంది. కొత్త పన్ను అంచు ఇప్పుడిప్పుడే కనిపిస్తోంది. వీడు రోజూ పొద్దున్నే టార్చి వేసి చూస్తున్నాడు.